మిక్–మాక్స్ జంట నిర్మాణాన్ని తెరమీద పరిశీలించే విధానం
కణవృద్ధి జన్యువులను నడిపించే మిక్ ప్రొటీన్ డీఎన్ఏను గట్టిగా పట్టుకోవాలంటే దానికి మాక్స్ అనే జోడీ కావాలి. ఆ జంటను చూడడానికి, 2003లో వెలువడిన స్ఫటిక నిర్మాణాన్ని ప్రొటీన్ డేటా బ్యాంకు నుంచి 1ఎన్‌కేపీ సంకేతంతో దించుకుని, అణువుల ఆకారాలను తెరమీద చూపే సాఫ్ట్‌వేర్ అయిన కైమెరాఎక్స్‌లో తెరవండి. రెండు జంటలు ఒకేసారి కనిపిస్తాయి కనుక, తికమక పడకుండా ముందు ఒకదాన్ని దాచి, మిగిలిన మిక్‌కు, మాక్స్‌కు వేర్వేరు రంగులు వేయండి.

ఇప్పుడు పటకారులా డీఎన్ఏను ఇరువైపులా పట్టుకున్న హెలిక్సులు (మెలితిరిగిన ప్రొటీన్ భాగాలు) పెద్ద గాడిలోకి దిగే చోటును దగ్గరికి తెచ్చుకోండి. డీఎన్ఏలోని సీఏసీజీటీజీ అనే ఆరు అక్షరాల వరుసను హిస్టిడిన్, గ్లుటమేట్, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాల పక్కగొలుసులు తాకి గుర్తుపట్టే ఆ తీరును తొందరపడకుండా, తిప్పి తిప్పి చూడండి. ఈ నిర్మాణానికి ప్రాణం అక్కడే ఉంది. జన్యువును ఉత్తేజపరిచే మిక్ ముందుభాగం మాత్రం ఇందులో లేదు. ఒంటరిగా ఉన్నప్పుడు ఆ భాగానికి స్థిరమైన ఆకారం ఉండదు.