అంబాసిడర్ మొరాయిస్తే, ఇంజిను మార్పించే ముందు

హనుమకొండలో మా ఇంటి ముందు 1972 నాటి మార్క్ 2 అంబాసిడర్ ఉంది. నాన్నగారు కొన్న బండి. అది మొరాయించిన ప్రతిసారీ నాకు అందిన సలహా ఒకటే: "ఈ ఇంజిను తీసేసి వేరేది వేయించండి సార్." ఒకసారి ఒప్పుకోబోయాను కూడా. ఇన్నేళ్లలో నాకు తేలిందేమిటంటే, పాత కారులో ఏదైనా మార్చాలనిపించిన చోట చాలాసార్లు ఎవరూ వెతకని చిన్న లోపం దాగి ఉంటుంది. అది దొరికితే మార్పు అవసరం ఉండదు.

మే నెలలో ఆగిపోతుంది, అరగంటకు మళ్లీ కదులుతుంది

ములుగు దారిలో టీకి ఆపుతారు. తిరిగి వచ్చి తాళం తిప్పితే స్టార్టర్ తిరుగుతుంది, ఇంజిను అందుకోదు. దీనికి కారణాలు రెండు ఉండవచ్చు: మెరుపు రాకపోవడం, పెట్రోలు అందకపోవడం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒక స్పార్క్ ప్లగ్గు (పెట్రోలును అంటించే మెరుపునిచ్చే భాగం) విప్పి వైరుకు తగిలించి, కార్బురేటర్‌కు (పెట్రోలును గాలితో కలిపే భాగం) దూరంగా ఇంజిను లోహానికి ఆనించి స్టార్టర్ తిప్పించండి. నీలి మెరుపు గట్టిగా వస్తే దోషం పెట్రోలు వైపు ఉంది. మెరుపు రాకపోయినా, పసుపు రంగులో నీరసంగా వచ్చినా మెరుపును పుట్టించే కాయిల్‌నో, దానికి తోడుండే చిన్న భాగమైన కండెన్సర్‌నో అనుమానించాలి. కండెన్సర్ మార్చేటప్పుడు పాయింట్ల (కాయిల్‌కు కరెంటును కలిపి తెంపే స్పర్శలు) గ్యాప్ కూడా ఫీలర్ గేజ్‌తో, అంటే సందును కొలిచే పలుచని రేకులతో, చూడండి. ఈ ఇంజినుకు అది అంగుళంలో వెయ్యింట 15 వంతులు, అంటే దాదాపు 0.38 మిల్లీమీటర్లు. పాత కండెన్సర్ బాగా పనిచేస్తుంటే పారేయకండి. ఇప్పుడు దొరికే కొత్తవాటిలో నాసిరకం చాలా ఉంది.

పెట్రోలు దోషమైతే కారణం ఇంజిను నిర్మాణంలోనే ఉంది. ఇందులో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు (పెట్రోలు కలిసిన గాలి లోపలికి వెళ్లే, పొగ బయటికి పోయే గొట్టాలు) రెండూ ఒకే పక్కన ఉంటాయి. కార్బురేటర్ ఆ వేడి మీదే కూర్చుంటుంది. బండి నడుస్తున్నంతసేపు గాలి తగిలి సర్దుకుంటుంది. ఆపగానే వేడంతా పైకెక్కి, పైపులో, పంపులో పెట్రోలు ఆవిరవుతుంది. ఆ ఆవిరిని పంపు తోయలేదు. ఫ్యూయల్ పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు ఆగితే బండి కదులుతుంది, జబ్బు ఇదేనని నిర్ధారణ కూడా అవుతుంది. మానిఫోల్డు మీద మాత్రం నీళ్లు పడనీయకండి, కాగుతున్న పోత ఇనుము పగులుతుంది. తరువాత తీరికగా చూడవలసినవి: కార్బురేటర్ కింది దళసరి వేడినిరోధక ముక్క ఉందా, వేడిని అడ్డుకునే రేకు ఉందా, పెట్రోలు పైపు ఎగ్జాస్ట్‌కు ఎంత దగ్గరగా వెళ్తోంది. మా బండిలో ఆ రేకు ఎప్పుడో ఊడిపోయింది. కొత్తది కోయించి బిగించాక వరంగల్ ఎండలో కూడా బండి ఆగలేదు. నేను మార్చబోయింది మొత్తం ఇంజినును!

బంకుల్లో ఇప్పుడు దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు గొట్టాలను, పంపులో పెట్రోలును తోసే పొర అయిన డయాఫ్రమ్‌ను అది పాడుచేస్తుంది, గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించడాన్ని నేను మార్పుగా లెక్కపెట్టను. బండిని నెలల తరబడి కదపకపోతే ట్యాంకులో పెట్రోలు నిల్వ ఉంచకండి.

వేడి ముల్లు పైకి పోతుంది

మన దగ్గర రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తారు. ఆ నీటి ఉప్పు గొట్టాల్లో గార కడుతుంది. పెద్ద ఫ్యాను కొనేముందు రేడియేటర్ విప్పి శుభ్రం చేయించండి, ఆపైన శుద్ధజలం, కూలెంట్ మాత్రమే పోయండి.

హెడ్‌లైట్లు మసకగా ఉన్నాయి

ఎల్‌ఈడీ బల్బులకు పరుగెత్తకండి. బ్యాటరీ దగ్గరా, బల్బు దగ్గరా వోల్టేజి కొలవండి. అర వోల్టుకు మించి తేడా ఉంటే వైర్లలోనో, ఎర్త్‌లోనో (కరెంటు బండి లోహం గుండా తిరిగి వెళ్లే కలయిక) లోపం ఉంది. తుప్పు గీకి ఎర్త్ బిగించి, కనపడని చోట రిలే (బ్యాటరీ నుంచి దీపాలకు కరెంటును నేరుగా అందించే స్విచ్చు) పెట్టించండి. కావాలంటే రేపు విప్పేయవచ్చు.

బ్రేకు

పెడల్ లోతుకు వెళ్లి, రెండోసారి తొక్కితే పైకి వస్తే బ్రేకు షూలు (డ్రమ్ముకు ఒరుసుకుని చక్రాన్ని ఆపే ముక్కలు) సర్దాలి. మెత్తగా ఉంటే గాలి చేరింది. ఒక పక్కకు లాగితే వీల్ సిలిండర్ (చక్రం దగ్గర షూలను తోసే భాగం) కారి షూల మీది లైనింగ్ తడిసిందేమో చూడండి. హైదరాబాదు రహదారి మీద రోజూ తిరిగేవారు ముందు చక్రాలకు డిస్కులు పెట్టించుకుంటే నేను తప్పుపట్టను, ప్రాణం ముందు. అసలు డ్రమ్ములు మాత్రం తుక్కువాడికి ఇవ్వకండి.

పెయింటు ఉబ్బుతోంది

పలుచని కాగితం చుట్టిన అయస్కాంతాన్ని తలుపుల అడుగు అంచుల మీద నడిపించండి. అది పట్టుకోని చోట రేకు లేదు, లప్పం ఉంది. వానాకాలంలో మ్యాట్ల కింద నీరు నిలిచి తుప్పు లోపలి నుంచి వస్తుంది. దానిపై మళ్లీ లప్పం పూస్తే ఏడాదిలో మళ్లీ ఉబ్బుతుంది. తుప్పు పట్టినంత మేర కోసి కొత్త రేకు అతికించాలి. మిగతా చోట పాత రంగు వెలిసినా ఉంచండి. ఫ్యాక్టరీ రంగు ఒకసారి గీకేస్తే తిరిగి రాదు. బండి మొత్తం మెరిసే ఎరుపు వేయించి, చివరికి అసలు రంగేమిటో తెలియకుండా చేసుకున్నవారిని చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆర్సీలో ఒక ఇంజిను, బండిలో మరొకటి

డీజిల్ చవకగా ఉన్న రోజుల్లో ఎన్నో పెట్రోలు అంబాసిడర్లకు డీజిలు ఇంజిన్లు ఎక్కించారు, కాగితాల్లో మాత్రం రాయించలేదు. అనుమతి లేకుండా ఇంజిను మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కింద చెల్లదు. 2021 నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజినులలో పెద్ద మార్పు లేని బండికే వింటేజ్ గుర్తింపు, 'వీఏ' అక్షరాల నంబరు దక్కుతాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్ల తరువాత పునరుద్ధరణకు 5,000. ఆ నంబరు తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, పెట్రోలు పోయించడానికే బయటికి తీయాలి. రోజూ నడుపుకోవాలంటే మామూలు ఆర్సీయే మేలు, ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకుంటే చాలు.

కొనబోతున్నవారు బేరానికి ముందే బానెట్ ఎత్తి, ఇంజిను మీది నంబరును ఆర్సీతో అంకె అంకె సరిచూడండి. తేడా ఉంటే, తీసేసిన అసలు ఇంజిను ఏ షెడ్డు మూలనో ఉందేమో అమ్మేవారిని అడగండి. దొరికితే దాన్నీ బండితో పాటే ఇంటికి తెచ్చుకోండి.