ఆర్సీ (రిమోట్ కంట్రోల్ బొమ్మ) కారు వేడెక్కుతోందా? ఫ్యాన్ కొనే ముందు చక్రం తిప్పి చూడండి

లోపల కార్బన్ బ్రష్‌లు లేని బ్రష్‌లెస్ మోటార్ వేశాం, త్రీ సెల్ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పెట్టాం, రెండు నిమిషాలు కారు అదరగొట్టింది, మూడో నిమిషంలో కాలిన ప్లాస్టిక్ వాసన. అప్పుడు మనందరం చేసే మొదటి పని ఫ్యాన్ కొనడం. నేనూ కొన్నాను, వేడిని గాలిలోకి వదిలే హీట్‌సింక్ కూడా బిగించాను. 96 డిగ్రీలు ఉన్న మోటార్ 89కి దిగింది, అంతే. తీరా చూస్తే తప్పు నాదే. ముందు టైర్లు అరిగాయని ఆ రెండే కొత్తవి వేసి వెనకవి పాతవే ఉంచాను. నాది తమియా కంపెనీ టీటీ-02 కారు, అందులో సెంటర్ డిఫ్ (ముందు, వెనక చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ గేరు) ఉండదు, ఒకే షాఫ్ట్ ముందుకీ వెనక్కీ తిప్పుతుంది, కాబట్టి టైర్ల సైజులో తేడా ఉంటే ముందు చక్రాలూ వెనక చక్రాలూ నేల మీద ఒకదాన్నొకటి లాగుకుంటూనే ఉంటాయి, ఆ పెనుగులాటంతా వేడిగా మారుతుంది.

అందుకే ముందు కొలవండి, తర్వాతే విప్పండి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ గన్ చాలు. కాకపోతే మెరిసే మోటార్ డబ్బా మీద అది అసలు వేడి కంటే తక్కువ చూపిస్తుంది, అక్కడ నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి దాని మీదే కొలవాలి. మూడు నిమిషాలు నడిపి, ఆపిన వెంటనే మోటార్, స్పర్ గేర్ (మోటార్ తిప్పే పెద్ద గేరు) కవర్, ముందు డిఫ్, వెనక డిఫ్, ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె), బ్యాటరీ కనెక్టర్, అన్నీ కాగితం మీద రాసుకోండి. బయట ఎండ ఎంతుందో కూడా రాయండి, మే నెలలో విజయవాడలో 43 డిగ్రీల మధ్యాహ్నం తీసిన అంకెని డిసెంబరు సాయంత్రం అంకెతో పోల్చి టెన్షన్ పడటం దండగ. మోటార్ 80 దాటితే ఆపేయండి, లైపో 60 దగ్గరికి వస్తోందంటే ఇంకా ముందే ఆపాలి.

మోటార్ ఒక్కటే మండుతూ మిగతావన్నీ చల్లగా ఉంటే అది గేరింగో, వోల్టేజో. లెక్క వేసి చూడండి: 3300 కేవీ (ఒక్కో వోల్టుకి నిమిషానికి 3300 చుట్లు) మోటార్ ఫుల్ ఛార్జ్ టూ సెల్ మీద, అంటే 8.4 వోల్టుల దగ్గర, లోడ్ లేకుండా 27,720 ఆర్పీఎం తిరుగుతుంది, త్రీ సెల్ మీద 12.6 వోల్టులకి 41,580. కిట్‌తో వచ్చే స్టాక్ మోటార్ కోసం వేసిన పినియన్‌నే (మోటార్ షాఫ్ట్ మీదుండే చిన్న గేరు) ఉంచి ఇంత వేగం అడిగితే మోటార్ ఏం చేస్తుంది పాపం. టీటీ-02 కిట్‌లో 70 పళ్ల స్పర్, 22 పళ్ల పినియన్, గేర్‌బాక్స్ లోపలి నిష్పత్తి 2.6, మొత్తం 8.27, అంటే చక్రం ఒక చుట్టు తిరగాలంటే మోటార్ 8.27 చుట్లు తిరగాలి. పినియన్ 20కి తగ్గిస్తే 9.1 అవుతుంది. టాప్ స్పీడ్ కొంచెం పోతుంది కానీ కరెంటు తగ్గుతుంది, కరెంటు రెట్టింపైతే వైండింగ్‌లో పుట్టే వేడి నాలుగింతలు అవుతుంది కాబట్టి ఆ రెండు పళ్లు చిన్నవేమీ కావు. పెద్ద టైర్లు వేసినా పెద్ద పినియన్ వేసినట్టే, ఇది చాలామంది మర్చిపోతారు.

గేర్ కవర్ వేడిగా ఉంటే పళ్ల అమరిక చూడండి. మోటార్‌ని జరిపే వీలున్న కార్లలో సన్నని నోట్‌బుక్ కాగితం ముక్క పళ్ల మధ్య పెట్టి మోటార్ బిగించి చక్రం తిప్పండి, కాగితం మడతలు పడి రావాలి, చిరగకూడదు. పినియన్ పిచ్, అంటే పళ్ల సైజు, కూడా చూసుకోండి: టీటీ-02 స్పర్ 0.6 మాడ్యూల్, దానికి వేరే కొలతలో చేసిన 48 పిచ్ పినియన్ పెడితే పైకి సరిగ్గా కూర్చున్నట్టే ఉంటుంది గానీ పళ్లు నమిలేస్తుంది. స్లిప్పర్ క్లచ్ (లోడ్ ఎక్కువైతే జారి గేర్లని కాపాడేది) ఉన్న కారైతే అది అతిగా జారుతోందేమో చూడండి, ఆ వేడికి స్పర్ మధ్యభాగం మెత్తబడుతుంది.

ఒక డిఫ్ మాత్రమే వేడిగా ఉందా? మోటార్ విప్పి పక్కన పెట్టి, కారుని ఎత్తి పట్టుకుని చక్రం చేత్తో తిప్పండి. ఈ ఒక్క పరీక్షతో సగం సంగతి తేలిపోతుంది. నున్నగా తిరిగి మెల్లగా ఆగితే మంచిదే, ప్రతి చుట్టులో ఒకేచోట పట్టేస్తుంటే షాఫ్ట్ వంగిందనో బేరింగ్ పోయిందనో అర్థం. గేర్‌బాక్స్ కవర్ స్క్రూలు ఒక పావు చుట్టు వదులు చేయగానే చక్రం తేలిగ్గా తిరిగితే, అతిగా బిగించి బేరింగ్‌ని నొక్కేస్తున్నారన్నమాట. కిట్ బుష్‌లు (బాల్స్ లేని ఉత్త రింగులు) స్టాక్ మోటార్‌కి చాలు, బ్రష్‌లెస్‌కి మాత్రం లోపలి వ్యాసం 5, బయటి వ్యాసం 11, మందం 4 మిల్లీమీటర్లు ఉన్న బాల్ బేరింగ్‌లు వేసేయండి. ముద్దపప్పులో నెయ్యి పోసినట్టు గేర్‌బాక్స్ నిండా గ్రీజు కూడా వద్దు.

ఈఎస్‌సీ ఒక్కటే కాలుతుంటే ముందు రిమోట్‌లో ట్రిమ్ (న్యూట్రల్‌ని సర్దే సెట్టింగ్) చూడండి, న్యూట్రల్ సరిగ్గా లేక కొంచెం బ్రేకు పడుతూనే ఉంటుంది ఒక్కోసారి. కనెక్టర్ వేడిగా ఉంటే టంకం సరిగా పడలేదు, మళ్లీ పెట్టండి.

ఒకసారికి ఒక్కటే మార్చండి, కారు పూర్తిగా చల్లారాక మళ్లీ మూడు నిమిషాలు నడిపి కొలవండి. అన్నీ సరిచేశాక కూడా మోటార్ అలాగే కాలుతోంది, లోడ్ లేకుండా మునుపటికంటే వేగంగా తిరుగుతోంది, లాగడంలో మాత్రం నీరసంగా ఉంది అంటే, పాత వేడికి లోపలి అయస్కాంతం బలహీనపడిపోయింది. ఇక దాన్ని బాగుచేయలేం. కొత్తది వేసి, ఈసారి చిన్న పినియన్‌తో మొదలుపెట్టి ఒక్కో పన్నే పెంచుకుంటూ వెళ్లండి.