నెమలినీ కొండముచ్చునూ పోల్చి చూడటం ఎలా?

కాగజ్‌నగర్, బెజ్జూరు అడవుల్లోనూ, ప్రాణహిత నది అవతల మహారాష్ట్రలోని సిరొంచ వైపు తెలుగు పల్లెల్లోనూ నెమళ్లు, కొండముచ్చులు ఒకే చేను గట్టున మేస్తూ కనిపిస్తాయి. ఒకటి పక్షి, ఒకటి క్షీరదం కాబట్టి రూపాన్ని బట్టి పోల్చితే తెలిసేది తక్కువ. ఒకే అవసరాన్ని రెండూ ఎలా తీర్చుకుంటున్నాయో గమనించడమే సరైన పద్ధతి.

మొదట చోటు, వేళ ఒకటిగా ఉంచుకోవాలి. తెల్లవారాక రెండు గంటలపాటు దూరం నుంచి చూస్తూ, నోటుపుస్తకంలో ప్రశ్నను ముందు రాసి, రెండింటి జవాబులనూ పక్కపక్కనే రాయాలి. ఏ జీవికీ తిండి వేయకూడదు. వేస్తే మనం చూసేది దాని సహజ ప్రవర్తన కాదు.

తరువాత తోకను చూడాలి. మగ నెమలి పురి విప్పినప్పుడు మనం చూసే పింఛం నిజానికి తోక కాదు, తోక మొదట్లో వీపు వైపు పెరిగే ఈకలు. అసలు తోక పొట్టిగా, బిరుసుగా వెనక నిలిచి, విప్పిన పింఛానికి ఊతమిస్తుంది. ఆడదాన్ని ఆకర్షించడానికే పనికొచ్చే ఆ ఈకలు వానలు వెనకబడేసరికి రాలిపోతాయి కనుక, ఈ పరిశీలనకు ఆషాఢ శ్రావణాలు అనువైనవి. కొండముచ్చుది వెన్నెముక సాగి ఏర్పడిన ఎముకల తోక, శరీరం కన్నా పొడవైనది. కొమ్మ నుంచి కొమ్మకు దూకేటప్పుడు తూకం నిలపడం దాని పని, కొమ్మను పట్టుకోవడం కాదు. నడిచేటప్పుడు కొస ఎటు వంగిందో తప్పక రాసుకోండి: గోదావరికి ఉత్తరాన ఉండే జాతి దాన్ని తలవైపు వంచుతుంది, దక్షిణాది కొండముచ్చులు వెనక్కి వంచుతాయి.

తిండి దగ్గర పోలిక మరింత లోతుగా సాగుతుంది. పళ్లు లేని నెమలి గింజలు, పురుగులు, చిన్న పాములతోపాటు గులకరాళ్లనూ మింగి, కందనకాయలో తిండిని నూరుకుంటుంది. కొండముచ్చు ఆకులను పళ్లతో నమిలినా, వాటి పీచును అరిగించేది అరలరలుగా ఉన్న కడుపులోని సూక్ష్మజీవులే.

పిల్లల విషయం క్లుప్తంగా రాసుకుంటే చాలు: పెట్టనెమలి నేలమీద గుడ్లు పెట్టి దాదాపు 28 రోజులు ఒంటరిగా పొదుగుతుంది; కొండముచ్చు సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది, దాన్ని గుంపులోని ఇతర ఆడవి కూడా ఎత్తుకుంటాయి.

చివరగా కూతలు. కొండముచ్చు చెట్టుపై నుంచి ఒకే దిక్కు చూస్తూ దగ్గులాంటి అరుపును పదేపదే అరిచి, నెమళ్లు కూడా గోల అందుకుంటే, దగ్గర్లో చిరుతో పులో ఉండవచ్చు. మహారాష్ట్రలోని తాడోబా పులుల అభయారణ్యం వైపు నుంచి పులులు వచ్చే అడవి ఇది. ఆ పూట పరిశీలన అక్కడే ఆపి, అందరూ కలిసి ఊరి దారి పట్టాలి.