పాత వడ్రంగి పనిముట్లు సేకరించి, ఇంట్లో పాడవకుండా దాచుకోవడం ఎలా?

వడ్రంగి మేస్త్రీ కాలం చేశాక ఆయన పనిముట్ల సంచి ఏమవుతుందో గమనించారా? కొన్నాళ్ళు అటక మీద ఉంటుంది. తర్వాత ఓ రోజు పాత ఇనుప సామాన్ల బండి వస్తే కిలోల లెక్కన వెళ్ళిపోతుంది. బాడిస (చెక్కను చెక్కేది), చిత్రిక (నున్నగా తోపడం పట్టేది), ఉలులు, బరమా (చిల్లులు వేసేది), మూలమట్టం (మూల సరిగ్గా ఉందో చూసేది). ఒక మనిషి బతుకంతా చేత్తో పట్టుకు తిరిగిన వస్తువులివి. అలా పోతున్నవాటిని పన్నెండేళ్ళుగా నాకు చేతనైనంత వరకు పోగుచేస్తున్నాను. నేనుండేది కాకినాడలో, ఉప్పుగాలిలో. ఇక్కడ నిలిచిన పద్ధతి మీ ఊళ్ళోనూ నిలుస్తుంది.

ముందు ఇంట్లో వెతకండి

మొదట అటక, దొడ్డి, బంధువుల ఇళ్ళు చూడండి. ఆ తర్వాతే మార్కెట్లు. హైదరాబాద్ వెళితే ఆదివారం ఎర్రగడ్డ సంత, గురువారం జుమ్మేరాత్ బజార్ చూడొచ్చు. పొద్దున్నే వెళ్ళాలి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. పనిలో ఉన్న మేస్త్రీ దగ్గర ఆయన వాడుతున్న పనిముట్టు కొనొద్దు. ఇవాళ అవసరం కొద్దీ అమ్ముతాడు, రేపు పని దొరికితే చేతిలో ఉలి ఉండదు.

కొనేటప్పుడు ధర కంటే ముందు అది ఎవరిదో అడగండి. సామర్లకోట దగ్గర ఒక పెద్దావిడ బాడిస ఇస్తుంటే, "ఇది ఎవరిదమ్మా?" అన్నాను. "మా మావయ్యగారిది బాబూ. పిడి మాత్రం మా ఆయన వేశాడు, మా గట్టు మీది తుమ్మతోనే" అంది. ఆ ఒక్క మాటతో అది పాత ఇనుము కాకుండా పోయింది. ఇంటికి రాగానే ఆ మాటలు అలాగే చీటీ మీద రాసి పిడికి దారంతో కట్టాను.

కొనే ముందు ఏం చూడాలి?

ఉలి అయితే చదునుగా ఉండే వైపు తిప్పి, అంచు దగ్గర తుప్పు గుంటలున్నాయేమో చూడండి. పైపై తుప్పు పోతుంది. అంచులో లోతుగా తిన్న గుంటలుంటే ఎంత సానబట్టినా పదును నిలవదు. అంచు నీలం రంగుకి తిరిగి ఉంటే ఎవరో గ్రైండర్ మీద కాల్చేశారని, దాని గట్టిదనం పోయిందని అర్థం. రంపాన్ని కంటికి ఎదురుగా పట్టుకుని పొడవునా చూడండి, వంకర ఇట్టే తెలుస్తుంది. ఇనుప చిత్రికకి బ్లేడు బయటికొచ్చే సందు పక్కన సన్నటి పగులు ఉందేమో వెతకాలి. ఇది తప్పిపోతే కొన్నది వృథా.

పేర్లు, ముద్రలు చదవడం నాకు చాలా ఇష్టమైన పని. ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఉలుల మీద, రంపాల మీద 'కాస్ట్ స్టీల్' అని ఉంటే పోత ఇనుము అనుకోకండి. అది మూసలో (నిప్పుకి తట్టుకునే మట్టి పాత్రలో) కరిగించి తీసిన మేలు ఉక్కు. 1740ల్లో షెఫీల్డ్‌లో బెంజమిన్ హంట్స్‌మన్ పట్టుకున్న పద్ధతి. అమెరికాకి చెందిన స్టాన్లీ కంపెనీ ఇనుప చిత్రికల మీద పోతపోసిన తేదీలు కనిపిస్తాయి. వాటిలో చివరిది 1910 అని ఉంటే, 1910లో తయారైందని అమ్మేవాళ్ళు చెబుతారు. అవి పేటెంట్ తేదీలు. ఆ వస్తువు 1910కి ముందుది కాదని మాత్రమే వాటిని బట్టి తేలుతుంది. అదే కంపెనీది 'మేడ్ ఇన్ ఇంగ్లండ్' అని ఉంటే 1930ల చివరికో ఆ తర్వాతకో చెందింది.

తుప్పు వదిలించాలి, గుర్తులు కాదు

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడే. మొదట్లో ఒక చిత్రిక బ్లేడుని కరెంటు వైరు బ్రష్‌తో తళతళలాడేలా తోమాను. తుప్పుతో పాటు, దాని మీద మేకుతో పొడిచిన తెలుగు అక్షరం కూడా పోయింది. 'వె' అనుకుంటాను. అది వెంకన్నో, వెంకటేశ్వర్లో ఇక ఎప్పటికీ తెలియదు. అప్పటి నుంచి బ్రష్ ముట్టుకునే ముందు నాలుగు వైపులా ఫోటో తీస్తున్నాను.

పైపై తుప్పుకి కుట్టుమిషను నూనె రాసి, ఒక రాత్రి ఉంచి, గిన్నెలు తోమే స్టీల్ పీచుతో మెల్లగా రుద్దితే చాలు. మొండి తుప్పయితే లీటరు నీళ్ళకి 50 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి, ఇనుప భాగాన్ని మాత్రం నానబెట్టండి. గంటకోసారి తీసి చూడాలి. మర్చిపోతే ఇనుమునీ తినేస్తుంది. తీయగానే వంట సోడా నీళ్ళలో కడిగి, గుడ్డతో తుడిచి, హెయిర్ డ్రయ్యర్‌తో పూర్తిగా ఆరబెట్టి, వెంటనే నూనె రాయాలి. కాఫీ తాగొచ్చి రాద్దాంలే అనుకుంటే అప్పటికే నారింజ రంగు పొర కట్టేస్తుంది. పాత రంగు ఉన్నవాటిని పొడిగా గీకొద్దు, అందులో సీసం ఉండొచ్చు.

చెక్క పిడిని నీళ్ళలో ముంచకండి, ఎండలో పెట్టకండి. తడిగుడ్డతో తుడిచి, ఆరాక పలచగా అవిసె నూనె పట్టించండి. చేతి రాపిడికి నున్నబడ్డ ఆ నలుపుని ఉప్పు కాగితంతో తీసేయొద్దు. బాడిస పిడి మీద బొటనవేలు ఆనే చోట చిన్న పల్లం ఉంటుంది. అది పోతే మళ్ళీ రాదు. ఇంకో ముఖ్యమైన సంగతి, అవిసె నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. ఆరుబయట పరిచి ఆరనివ్వండి.

పిడిలో సన్నటి చిల్లులుండి, కొత్తగా పొడి రాలుతుంటే పురుగు బతికే ఉంది. దాన్ని గట్టిగా మూసిన పాలిథిన్ సంచిలో వేరుగా ఉంచండి. మిగతావాటితో కలపొద్దు.

దాచే పద్ధతి

వార్తాపత్రికల్లో చుట్టి అట్టపెట్టెలో పెడితే వర్షాకాలం వచ్చేసరికి కాగితం తేమ పీల్చి ఇనుముకి అంటుకుపోతుంది. తోలు తొడుగులూ అంతే. నూలు గుడ్డకి కాస్త నూనె పట్టించి అందులో చుట్టండి. కొబ్బరి నూనె వద్దు, కొన్నాళ్ళకి ముక్కిపోతుంది. పాత ట్రంకు పెట్టె మంచిది. నేల మీద కాకుండా పీట మీద, బయటి గోడకి ఎడంగా ఉంచండి. రేకుల కింది అటక వద్దు, పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ ఇనుము చెమట పడుతుంది. లోపల తేమ పీల్చే, రంగు మారే రకం సిలికా జెల్ సంచులు వేసి, రంగు మారినప్పుడల్లా మార్చండి. రంపం పళ్ళకి పాత ప్లాస్టిక్ గొట్టాన్ని పొడవునా చీల్చి తొడగొచ్చు.

ఎవరైనా చూడ్డానికి వచ్చి పట్టుకుంటే, పెట్టెలో పెట్టే ముందు తుడవండి. తుడవకపోతే నాలుగు రోజులకి వాళ్ళ వేలిముద్ర గీతలతో సహా తుప్పుగా పైకి తేలుతుంది. నా దగ్గర ఒక మూలమట్టం మీద అలాంటి ముద్ర ఇప్పటికీ ఉంది.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఒక మాట. తాతగారి పనిముట్టు వందేళ్ళు దాటిందని అనుమానం ఉంటే సూట్‌కేసులో పెట్టుకునే ముందు ఆగండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన చేతివృత్తుల వస్తువులు కూడా పురావస్తువుల కిందికి రావచ్చు. వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. భారత పురావస్తు శాఖ దగ్గర, అది ఆ కోవలోది కాదని సర్టిఫికెట్ తీసుకోవచ్చు.

దసరాకి అన్నిటినీ బయటికి తీసి చూడండి, ఆయుధ పూజా అయిపోతుంది. తడిపిన పసుపు, కుంకుమ ఇనుము మీద తెల్లారేదాకా ఉంటే బొట్టు ఆకారంలోనే తుప్పు పడుతుంది. అందుకే నేను బొట్టు పిడికే పెడుతున్నాను.