వాదన నేర్చుకుందాం – 4: దిష్టిబొమ్మను తగలబెట్టడం

ఇందిరా పార్కు ధర్నా చౌక్‌లో దిష్టిబొమ్మ భగ్గుమంటుంటే, ఆ నాయకుడు ఇంట్లో హాయిగా టీ తాగుతుంటాడు. ఈ వారం చూడబోయే తప్పుడు వాదన అచ్చం అలాంటిదే. ఎదుటివాళ్ల మాటకు గడ్డి కూరి, బొమ్మ చేసి, దాన్ని కాల్చేసి గెలిచామనుకోవడం.

పోయిన ఆదివారం మల్కాజిగిరిలో మా అక్కావాళ్లింట్లో భోజనాల దగ్గర ఆస్ట్రేలియా చట్టం మాటొచ్చింది. 2025 డిసెంబరు 10 నుంచి అక్కడ 16 ఏళ్లలోపు పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్ లాంటి వాటిలో ఖాతాలు ఉండకూడదు. "ఇక్కడా అలాంటిది వస్తే బాగుండు" అంది అక్క. వెంటనే బావగారు, "అంటే పిల్లలకు ఫోనే ఇవ్వొద్దంటావ్? అమ్మమ్మకు వీడియో కాల్ కూడా చేయకూడదా?" అన్నారు.

అక్క అన్నది ఖాతాల గురించి, బావగారు పట్టుకున్నది ఫోన్‌ని. ఆ చట్టం వాట్సాప్ జోలికే పోలేదు. జరిమానా కూడా కంపెనీలకే. ఇలాంటిచోట నేను "అంటే" తర్వాత ఏ మాట కొత్తగా చేరిందో చూస్తాను. గడ్డి అక్కడే దొరుకుతుంది.

అక్కేం తక్కువ తినలేదు. "పిల్లలు ఏమైపోయినా మీకు పట్టదు" అనేసింది. ఆయన అలా అనలేదు. ఈలోగా పప్పుచారు చల్లారిపోయింది.

కొత్తగా నేర్చుకున్నవాళ్లు "అంటే" వినగానే దిష్టిబొమ్మ అని అరుస్తారు. తొందరపడకండి. కాసేపటికి మా మేనల్లుడు, "అంటే నాన్న కూడా తన వయసు రుజువు చేసుకోవాలిగా?" అని అడిగాడు. వాడు అక్క మాటను మార్చలేదు, దాన్ని అమలు చేస్తే ఏమవుతుందో అడిగాడు. ఎవరికి పదహారు నిండాయో తేల్చాలంటే పెద్దవాళ్లనూ ఏదోవిధంగా పరీక్షించాల్సి వస్తుంది. ఇది న్యాయమైన ప్రశ్నే. అక్క జవాబు చెప్పలేదనుకోండి, అది వేరే సంగతి.

ఈ ఎత్తు పాతదే. మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో దీని దగ్గరి చుట్టానికి ఛలం అని పేరు. కొత్త కంబళి అనే అర్థంలో ఒకడు "నవకంబళం" అంటే, "తొమ్మిదెక్కడివి, ఉన్నది ఒకటేగా" అని ఇంకొకడు దబాయిస్తాడు.

అభ్యాసం: "వాట్సాప్ ఫార్వర్డులు ఒకేసారి ఐదు చాట్‌లకే పరిమితం చేయడం మంచిదే" అని ఒకరన్నారు. వచ్చిన జవాబులివి.

"అంటే జనం మాట్లాడుకోవడమే నీకిష్టం లేదా?"

"అంటే మూసీ పొంగుతోందన్న హెచ్చరిక కూడా ఆలస్యమవుతుందిగా?"

"అంటే దీంతో పుకార్లన్నీ ఆగిపోతాయంటావా?"

వీటిలో బొమ్మలెన్ని? కొత్తగా చేరిన మాట కింద గీత గీయండి. మూడోదానిలో ఒక్క మాటే చేరింది, జాగ్రత్త. జవాబులు ఐదో పాఠంలో.