ఇంటి కంప్యూటర్‌కు రెయిడ్ – మూడవ పాఠం: జంట డ్రైవ్‌లను బిగించి, ఒకదాన్ని పీకి చూడడం

గత రెండు పాఠాలలో రెయిడ్ (అనేక డ్రైవ్‌లను కలిపి ఒకటిగా వాడే ఏర్పాటు) స్థాయిలను పరిచయం చేసుకుని, ఇంట్లో ఫొటోలు, వీడియోలు, లెక్కల ఫైళ్ళు దాచుకునేవారికి రెయిడ్ 1, అంటే ఒకే సమాచారాన్ని రెండు డ్రైవ్‌ల మీద రాసే మిర్రర్ పద్ధతి చాలునని తేల్చుకున్నాము. 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ పేరుతో పత్రం ప్రకటించినప్పుడు, ఒక ఖరీదైన పెద్ద డిస్కుకు బదులు చవకైన చిన్న డిస్కులు అనేకం వాడవచ్చునని చెబుతూనే, డిస్కుల సంఖ్య పెరిగితే వాటిలో ఏదో ఒకటి చెడిపోయే అవకాశం కూడా పెరుగుతుందని ఒప్పుకుని, ఆ నష్టాన్ని తట్టుకునే ఏర్పాటును చూపించారు. డ్రైవ్ చెడిపోవడం ఖాయమన్న ఆ లెక్కతోనే మనమూ ఈ పాఠంలో పని మొదలుపెడదాము.

ఉదాహరణకు, ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని డ్రైవ్) మీద విండోస్ 10 లేదా 11 నడుస్తున్న ఒక డెస్క్‌టాప్‌కు 4 టెరాబైట్ల హార్డ్ డ్రైవ్‌లు రెండు చేరుస్తున్నామనుకుందాము. విండోస్ ఉన్న ఎస్‌ఎస్‌డీ జోలికి మనం పోము. కొత్త జంట కేవలం డేటా కోసమే.

డ్రైవ్‌లు కొనేటప్పుడు సీఎంఆర్ రకమా, ఎస్‌ఎంఆర్ రకమా అని తయారీదారు ఇచ్చిన వివరాల పత్రంలో తప్పక చూడండి. సీఎంఆర్ డ్రైవ్‌లో సమాచారపు వరుసలు ఒకదాని పక్కన ఒకటి విడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ డ్రైవ్‌లో అవి పెంకుటింటి కప్పు మీద పెంకుల్లాగా ఒకదాని అంచు మీదికి మరొకటి ఎక్కి ఉంటాయి కనుక, మధ్యలో ఒక వరుసను మార్చాలంటే దాని పక్క వరుసలను కూడా తిరగరాయవలసి వస్తుంది. రోజువారీ వాడకంలో అది అంతగా తెలియకపోవచ్చును గాని, చెడిన డ్రైవ్ స్థానంలో కొత్తది పెట్టి సమాచారమంతా దాని మీదికి నింపే సమయంలో మాత్రం ప్రాణం విసిగిస్తుంది. సెకనుకు 150 మెగాబైట్ల చొప్పున ఆగకుండా రాయగలిగే సీఎంఆర్ డ్రైవ్‌కే 4 టెరాబైట్లు నిండడానికి ఏడున్నర గంటలు పడుతుందంటే, మిగతాది మీరే ఊహించుకోవచ్చు. వీలైతే రెండు డ్రైవ్‌లనూ వేర్వేరు దుకాణాలలో కొనండి. ఒకే పెట్టెలో ప్రయాణించి, ఒకే దెబ్బ తిన్న కవలలు ఒకేసారి మూలబడడం అరుదేమీ కాదు.

ఇప్పుడు క్యాబినెట్ తెరవక ముందే మదర్‌బోర్డు మాన్యువల్ తెరవండి. ఎం.2 స్లాట్‌లో (ఎస్‌ఎస్‌డీని నేరుగా బోర్డులోకి గుచ్చే గాడిలో) ఎస్‌ఎస్‌డీ పెట్టినప్పుడు ఒకటి రెండు సాటా పోర్టులు (డ్రైవ్ కేబుల్ తగిలించే చోట్లు) పనిచేయడం మానేసే బోర్డులు చాలా ఉన్నాయి. ఈ సంగతి తెలియక కొత్త డ్రైవ్ చెడ్డదేనని దుకాణానికి తిరిగి మోసుకుపోయినవారు ఉన్నారు. వారిలో నేనూ ఒకడిని. పవర్ సప్లై వైపు కూడా ఒక చూపు వేయాలి. మూడున్నర అంగుళాల డ్రైవ్ తిరుగుతున్నప్పుడు పది వాట్ల లోపే వాడినా, స్విచ్ వేసిన తొలి క్షణాలలో పళ్ళాలను (లోపల తిరిగే గుండ్రటి డిస్కులను) వేగం అందుకునేలా చేయడానికి దానికి అంతకు రెండింతలకు పైగా కావలసి వస్తుంది.

షిఫ్ట్ మీటను నొక్కి పట్టుకుని షట్ డౌన్ చేస్తే విండోస్ పూర్తిగా ఆగుతుంది. తరువాత కరెంటు తీగ పీకి, పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి వదలి, క్యాబినెట్‌లో రంగు పూయని ఇనుప భాగాన్ని ముట్టుకుని, అప్పుడు డ్రైవ్‌ను చేతిలోకి తీసుకోండి. రెండు డ్రైవ్‌ల మధ్య ఒక అర (డ్రైవ్ కూర్చునే గూడు) ఖాళీగా వదిలితే గాలి ఆడుతుంది; మన ఎండాకాలానికి ఆ మాత్రం సందు అవసరమే. రెండున్నర అంగుళాల ఎస్‌ఎస్‌డీకి వాడే సన్నమర స్క్రూలు వీటికి సరిపోవు కనుక బలవంతం చేయకండి. సాటా కనెక్టర్ లోపల ఒక చివర వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపును చూసుకుని నిటారుగా నెడితే చాలు.

బిగించే ముందు చేయవలసిన పని ఒకటుంది, దాన్ని దాదాపు అందరూ మరచిపోతారు. డ్రైవ్ పై ముఖం మీది లేబుల్‌పై ముద్రించిన సీరియల్ నంబరులో చివరి నాలుగు అక్షరాలను చిన్న కాగితం మీద రాసి, డ్రైవ్ అరలో కూర్చున్నాక మీకు కనిపించే అంచున అంటించండి. చాలా ఏళ్ళ కిందట నేను ఒక రాత్రి, చెడిపోయిన డ్రైవ్‌ను తీస్తున్నానని అనుకుని బాగున్నదాన్ని తీసివేశాను. రెండూ ఒకే మోడల్, ఒకే రంగు, తెర మీద రెండింటికీ ఒకే పేరు. మళ్ళీ పెట్టగానే అదృష్టం కొద్దీ సర్దుకుంది గాని, ఆ పది నిమిషాలు నా చేతులు వణికిన మాట నిజం.

కంప్యూటర్‌ను ఆన్ చేసి బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు అమరికల తెరలోకి) వెళ్ళి రెండు డ్రైవ్‌లూ కనిపిస్తున్నాయో లేదో చూడండి. అక్కడే సాటా మోడ్ అనే చోట ఏహెచ్‌సీఐ (డ్రైవ్‌లను విడివిడిగా చూపే మామూలు పద్ధతి) బదులు రెయిడ్ ఎంచుకునే వీలు కనిపించి మిమ్మల్ని ఊరిస్తుంది. దాన్ని ముట్టుకోవద్దు. ముందు నుంచీ ఏహెచ్‌సీఐ మీద నడుస్తున్న విండోస్, ఆ మార్పు తరువాత బూట్ కాకుండా మొరాయించవచ్చు. పైగా మదర్‌బోర్డు కట్టిన రెయిడ్, ఆ బోర్డు పోయిన రోజున అదే జాతి బోర్డు కోసం వెతికిస్తుంది. విండోస్ 8తో వచ్చిన, డ్రైవ్‌లను కలిపి వాడుకునే స్టోరేజ్ స్పేసెస్ సదుపాయంతో కట్టుకున్న జంటనైతే స్టోరేజ్ స్పేసెస్ ఉన్న మరో విండోస్ కంప్యూటర్‌కు తగిలించుకోవచ్చు. హోమ్ ఎడిషన్‌లో కూడా అది ఉంటుంది. సాంకేతికంగా అది రెయిడ్ 1కి అచ్చమైన నకలు కాకపోయినా, రెండు డ్రైవ్‌లతో మనం కోరుకున్న రక్షణను అదే ఇస్తుంది.

కంట్రోల్ ప్యానెల్‌లో స్టోరేజ్ స్పేసెస్ తెరిచి, కొత్త పూల్ (కలిపి వాడే డ్రైవ్‌ల గుంపు) తయారు చేయమని చెప్పగానే అందుబాటులోని డ్రైవ్‌ల జాబితా వస్తుంది. ఎంచుకున్న డ్రైవ్‌లలోని సమాచారమంతా చెరిగిపోతుంది కనుక, పాత యూఎస్‌బీ డ్రైవ్ ఏదైనా తగిలించి ఉంటే ముందే తీసివేయండి. తరువాతి తెరలో టూ-వే మిర్రర్ ఎంచుకోండి. పూల్ మొత్తం సుమారు 7.27, అందులో మీకు దక్కేది 3.63 టెరాబైట్లని కనిపిస్తుంది. ఇందులో మోసమేమీ లేదు: తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది, ఆపైన ప్రతి ఫైలునూ రెండుసార్లు దాస్తున్నాము. ఇక్కడే ఒక చిక్కు ఉంది: ఆ పరిమాణపు గడిలో ఉన్నదానికంటే పెద్ద అంకె వేసినా స్టోరేజ్ స్పేసెస్ ఒప్పుకుంటుంది, తరువాత డ్రైవ్‌లు చేర్చుకుంటారులే అన్న నమ్మకంతో. మీరు మాత్రం అది సూచించిన అంకెనే ఉంచండి.

కొత్త డ్రైవ్ అక్షరం కనిపించగానే పెళ్ళి వీడియోలన్నీ అందులోకి లాగాలనిపిస్తుంది. ఆగండి. ముందు నాలుగైదు గిగాబైట్ల ఫైళ్ళు, పోయినా బాధ లేనివి, అందులోకి కాపీ చేసి, కంప్యూటర్‌ను మునుపటిలాగే పూర్తిగా ఆపి, ఒక డ్రైవ్ సాటా కేబుల్‌ను ఊడదీసి, తిరిగి ఆన్ చేయండి. స్టోరేజ్ స్పేసెస్‌లో పసుపు హెచ్చరిక కనిపించాలి. ఫైళ్ళు మాత్రం యథాప్రకారం తెరుచుకోవాలి. ఈ స్థితిలోనే పవర్‌షెల్ (ఆదేశాలు టైపు చేసే విండోస్ కిటికీ) తెరిచి గెట్-ఫిజికల్‌డిస్క్ అనే ఆదేశాన్ని ఇంగ్లీషు అక్షరాలలో, మధ్య గీతతో సహా టైపు చేస్తే డ్రైవ్‌ల సీరియల్ నంబర్లు వస్తాయి. బాగున్నట్లు చూపిస్తున్న నంబరు, కేబుల్ ఊడదీయని డ్రైవ్ అంచున మీరు అంటించిన కాగితంతో సరిపోయిందా? సరిపోకపోతే కాగితాలు తారుమారయ్యాయన్నమాట, ఇప్పుడే సరిచేసుకోండి.

ఆ హెచ్చరిక ఉండగానే మరొక ఫైలును కాపీ చేసి, తిరిగి అంతా ఆపి కేబుల్ తగిలించండి. ఊడదీసిన డ్రైవ్‌కు ఆ ఫైలు సంగతి తెలియదు కనుక, విండోస్ దాన్ని అందులోకి చేరవేసి, పని ముగిశాక హెచ్చరికను తొలగిస్తుంది. అది పూర్తయ్యే వరకు రెండో డ్రైవ్‌ను ముట్టుకోరాదు. పూర్తయ్యాక ఇదే పరీక్షను రెండో డ్రైవ్‌తోనూ చేయండి. ఒక డ్రైవ్‌తోనే చేసి ఊరుకుంటే సగం పరీక్షే అయినట్లు.

కరెంటు మాట కూడా ఒకటి చెప్పాలి. రాత సగంలో ఉండగా కరెంటు పోతే ఒక డ్రైవ్ మీదికి చేరినది మరొకదాని మీదికి చేరకపోవచ్చు. కంప్యూటర్‌ను సవ్యంగా ఆపేందుకు పది నిమిషాలిచ్చే చిన్న యూపీఎస్ ఉంటే చాలు. మీ ఇంటి ఇన్వర్టర్ మారే క్షణంలో కంప్యూటర్ రీస్టార్ట్ అవుతున్నట్లయితే దాన్ని యూపీఎస్ కింద లెక్కవేయకండి. అలాగే మిర్రర్‌ను బ్యాకప్ అనుకోకండి: మీరు పొరపాటున చెరిపిన ఫైలు రెండు డ్రైవ్‌లలోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. పాత బయటి డ్రైవ్‌లో ఉన్న ప్రతిని అలాగే ఉంచండి.

వచ్చే పాఠంలో, చెడిన డ్రైవ్‌ను పూల్ నుంచి తొలగించి కొత్తదాన్ని చేర్చే పద్ధతి చూద్దాము. ఆ లోపు రెండు సీరియల్ నంబర్లు, ఏది పై అరలో ఉంది, ఏది కింద ఉంది, కొన్న తేదీ, వారంటీ ముగిసే తేదీ ఒక కాగితం మీద రాసి క్యాబినెట్ తలుపు లోపలి వైపున అంటించండి. పాఠం మొదలుపెట్టేది ఆ కాగితంతోనే.