గోల్డ్ ఫిష్ జబ్బును గుర్తించి చికిత్స చేయడం ఎలా?

గోల్డ్ ఫిష్ కాస్త నీరసంగా కనిపించగానే చాలామంది దుకాణానికి వెళ్లి నీలిరంగు మందు సీసా ఒకటి తెచ్చి, ఉజ్జాయింపుగా నాలుగు చుక్కలు అక్వేరియంలో వేస్తారు. ఆ మందు పనికిరానిదని కాదు. ఇళ్లలో పెంచే గోల్డ్ ఫిష్‌కు వచ్చే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం నీటితోనే మొదలవుతాయి కనుక, నీటిని పరీక్షించకుండా వేసిన మందు అసలు కారణాన్ని అలాగే వదిలేయడమే కాక, ఫిల్టర్‌లో ఉండే మేలు చేసే బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తుంది. దానితో నీరు ఇంకా పాడవుతుంది. అందుకే కింద చెప్పిన వరుసలో మందు వంతు ఆఖరున వస్తుంది.

1. చేపను నిదానంగా గమనించండి

ఆరోగ్యంగా ఉన్న గోల్డ్ ఫిష్ రెక్కలు విప్పుకొని రోజంతా తిరుగుతూ, అడుగున ఉన్న రాళ్లను నోటితో కెలుకుతూ ఉంటుంది. మేత వేసే మనిషి దగ్గరికి రాగానే ఎదురు వస్తుంది. అది రెక్కలు ముడుచుకొని మూలన ఉండిపోవడం, మేత ముట్టకపోవడం, రాళ్లకూ గాజుకూ ఒళ్లు రాసుకోవడం, నీటి పైభాగానికి వచ్చి నోరు తెరుచుకొని ఉండడం, మొప్పలను వేగంగా ఆడించడం, ఒంటిపై తెల్లని జిగురు పొర ఏర్పడడం, రెక్కల్లో ఎర్రటి చారలు కనిపించడం జబ్బు లక్షణాలు.

జబ్బులా కనిపించినా జబ్బు కానివి కూడా కొన్ని ఉన్నాయి. జతకట్టే కాలంలో మగ చేపల మొప్పల మూతలపైనా, ముందు రెక్కల మొదటి ముల్లు పొడవునా తెల్లని చిన్న పొక్కులు వరుసగా వస్తాయి. వాటికి చికిత్స అవసరం లేదు. పిల్ల చేపలు పెరిగేటప్పుడు రంగు మారడం, రాత్రి చీకట్లో రంగు కాస్త వెలిసినట్టు కనిపించడం కూడా సహజమే.

తొట్టిలో ఒకటికి మించి చేపలుంటే, లక్షణాలు ఎన్నింటికి, ఏ క్రమంలో వచ్చాయో చూడండి. అన్ని చేపలూ ఒకే రోజు ఇబ్బంది పడుతున్నాయంటే దాదాపుగా అది నీటి దోషమే. ఒకదానికి వచ్చి, కొన్ని రోజుల తేడాతో మిగతావాటికి కూడా వస్తే పరాన్నజీవి గానీ అంటువ్యాధి గానీ అయి ఉంటుంది. వారాలు గడిచినా ఒక్క చేపే బాధపడుతూ మిగతావి హాయిగా తిరుగుతుంటే, దాని శరీరం లోపలే ఏదో లోపం ఉందని అనుమానించాలి.

2. నీటిని పరీక్షించండి

గోల్డ్ ఫిష్ మొప్పల ద్వారా నిరంతరం అమ్మోనియాను విడుదల చేస్తుంది. ఫిల్టర్‌లో పెరిగే ఒక రకం బ్యాక్టీరియా దానిని నైట్రైట్‌గా, మరో రకం ఆ నైట్రైట్‌ను అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా స్థిరపడడానికి నెల నుంచి ఆరు వారాల వరకు పడుతుంది. తొట్టినీ చేపనూ ఒకే రోజు కొనుక్కున్న ఇళ్లలో మొదటి నెలలోనే చేపలు చనిపోవడానికి సాధారణంగా కారణం ఇదే. నెపం మాత్రం మేత మీదకో, దిష్టి మీదకో పోతుంది.

అక్వేరియం దుకాణాల్లో దొరికే ద్రవ రూప పరీక్ష కిట్‌తో చూస్తే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నైట్రేట్ 40 పీపీఎం (లీటరుకు 40 మిల్లీగ్రాములు) లోపు ఉండాలి. నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే పీహెచ్ 7 నుంచి 8.4 మధ్య నిలకడగా ఉంటే చాలు. నీటి వేడి పెరిగినా, పీహెచ్ పెరిగినా అదే మోతాదు అమ్మోనియా మరింత విషపూరితమవుతుంది కాబట్టి, పీహెచ్ ఎక్కువగా ఉండే బోరు నీళ్లు వాడేవారు వేసవిలో కొద్దిపాటి అమ్మోనియాను కూడా ఉపేక్షించకూడదు.

ఉష్ణోగ్రతను కూడా చూడండి. గోల్డ్ ఫిష్ చల్లని నీటి చేప. 18 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ దానికి అనుకూలం. విజయవాడ, రామగుండం వంటి ఊళ్లలో మే నెలలో ఇంటి లోపలి తొట్టి నీరు కూడా 30 డిగ్రీలు దాటుతుంది. 20 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను కరిగించుకోగలిగితే, 30 డిగ్రీల నీరు ఏడున్నర మిల్లీగ్రాములకే పరిమితమవుతుంది. పైకి వచ్చి నోరు తెరుస్తున్న చేపకు అప్పుడు కావలసింది మందు కాదు, గాలి.

3. నీటిని సరిచేయండి

అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనిపిస్తే వెంటనే మూడో వంతు నుంచి సగం వరకు నీరు మార్చండి. సున్నాకు వచ్చేవరకు ప్రతిరోజూ అలాగే చేయండి. కొత్త నీటి ఉష్ణోగ్రతకూ పాత నీటికీ తేడా రెండు డిగ్రీలు దాటకూడదు. మున్సిపల్ నీటిలోని క్లోరిన్ మొప్పలను కాలుస్తుంది కనుక సోడియం థయోసల్ఫేట్ ఉన్న యాంటీ క్లోరిన్ ద్రావణం కలపండి, లేదా వెడల్పాటి తొట్టెలో పట్టి, ఎయిర్ పంప్ పెట్టి ఒక రోజు నిల్వ ఉంచండి. బోరు నీటిలో క్లోరిన్ లేకపోయినా ఆక్సిజన్ తక్కువగా ఉండవచ్చు కాబట్టి దానికి కూడా కొన్ని గంటలు గాలి పట్టించడం మంచిది.

ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడగకండి. తొట్టి నుంచి తీసిన నీటిలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టండి. ఒకటి రెండు రోజులు మేత ఆపండి. పెద్ద గోల్డ్ ఫిష్‌కు అంతమాత్రాన ఏ హానీ జరగదు. నీరు వేడెక్కితే ఐసు ముక్కలు వేయకుండా, మూత తీసి నీటి ఉపరితలం మీదుగా ఫ్యాను గాలి తగిలేలా పెట్టండి. చాలా సందర్భాల్లో రెండు మూడు రోజుల్లోనే చేప తేరుకుంటుంది. తేరుకునేటప్పుడు దాని ఒంటిపై నల్లని మచ్చలు కనిపిస్తే భయపడకండి: అమ్మోనియా వల్ల కమిలిన చర్మం మానుతున్నప్పుడు అలా నల్లబడడం మామూలే.

4. చికిత్స తొట్టిని సిద్ధం చేయండి

నీరు బాగున్నా లక్షణాలు తగ్గకపోతే జబ్బు చేపను వేరు చేయాలి. 30, 40 లీటర్ల శుభ్రమైన ప్లాస్టిక్ టబ్బు, ఎయిర్ పంప్ గాలిని బుడగలుగా వదిలే ఒక ఎయిర్ స్టోన్, పైన వల వంటి మూత ఉంటే సరిపోతుంది. రాళ్లు, మొక్కలు అక్కరలేదు. ఇక్కడ పాతుకుపోయిన ఫిల్టర్ ఉండదు కాబట్టి రోజూ సగం నీరు మార్చి, తీసిన నీటికి సరిపడా మందు మాత్రమే మళ్లీ కలపాలి.

5. లక్షణాన్ని బట్టి చికిత్స ఎంచుకోండి

ఒంటిపై, రెక్కలపై ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్లని చుక్కలుంటే అది ఇక్ అనే పరాన్నజీవి. ఈ జబ్బుకు మాత్రం ఒక్క చేపను వేరు చేసి లాభం లేదు, తొట్టి మొత్తానికి చికిత్స చేయాలి. ఎందుకంటే ఆ పరాన్నజీవి చేప చర్మం కింద పెరిగి, రాలి, తొట్టి అడుగున వందల పిల్లలుగా విడిపోయి, మళ్లీ చేపను వెతుక్కుంటూ ఈదుతుంది. చర్మం కింద ఉన్నప్పుడు దానిని ఏ మందూ తాకలేదు, ఈదే దశలోనే చంపగలం. అందువల్ల చుక్కలు రాలిపోగానే చికిత్స ఆపిన ఇంట్లో, వారం తిరగకముందే అవి రెట్టింపై కనిపిస్తాయి.

దీనికి మొదటి ఔషధం ఉప్పు. తొట్టి పొడవు, వెడల్పు, నీటి ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 35 ఎత్తు నీరున్న తొట్టిలో 63 లీటర్లుంటాయి. రాళ్లు తీసేస్తే 60 అనుకోవచ్చు. లీటరుకు 3 గ్రాముల చొప్పున 180 గ్రాముల కల్లుప్పు కావాలి. దానిని ఒకేసారి వేయకుండా, 60 గ్రాముల చొప్పున మూడు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని వేరే నీటిలో కరిగించి, 12 గంటలకు ఒకటి చొప్పున కలపండి. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి, ఎండిన నీటికి బదులు మామూలు నీరే పోయాలి. నీరు మార్చినప్పుడు మాత్రం తీసిన నీటికి తగినంత ఉప్పు వేయాలి. మొక్కలనూ, ఫిల్టర్‌లో జియోలైట్ (అమ్మోనియాను పట్టుకునే ఖనిజం) ఉంటే దానినీ ముందే తీసేయండి. ఉప్పు నీటిలో జియోలైట్ తాను పట్టుకున్న అమ్మోనియాను తిరిగి వదిలేస్తుంది. చివరి చుక్క పోయిన తరువాత కూడా వారం రోజులు ఈ చికిత్స కొనసాగించాలి.

రెక్కల అంచులు చిరిగి, తెల్లబడి, రోజురోజుకూ కురచ అవుతుంటే అది బ్యాక్టీరియా వల్ల వచ్చే రెక్కల కుళ్లు. తొలి దశలో శుభ్రమైన నీరు, పైన చెప్పిన మోతాదులో ఉప్పు చాలు. కుళ్లు రెక్క మొదలును చేరితే పశువైద్యుడిని సంప్రదించండి. పుండుపై తెల్లని నూగు బూజులా పెరిగితే చికిత్స తొట్టిలో మిథిలీన్ బ్లూ అనే నీలిరంగు మందు వాడవచ్చు, అసలు తొట్టిలో వేయకూడదు.

పచ్చటి, పారదర్శకమైన చిన్న బిళ్లలా ఒంటికి అతుక్కుని కదిలే పురుగు మన చేపల రైతులకు బాగా తెలిసిన చేప పేను. సన్నని దారంలా వేలాడేది లంగరు పురుగు. తడి గుడ్డలో చేపను పట్టుకొని, పురుగు మొదలు దగ్గర పట్టకారుతో పట్టి లాగి, గాయంపై పావిడోన్ అయోడిన్ అద్దండి. గుడ్లు నీటిలో మిగిలే ఉంటాయి కనుక తొట్టికి కూడా మందు అవసరమవుతుంది. అలాగని చెరువుల్లో పేనుకు చల్లే మందులను లెక్కగట్టి తొట్టిలో పోయడం ప్రమాదకరం.

పొట్ట ఉబ్బిన గుండ్రటి రకాలు తలకిందులుగా తేలుతుంటే రెండు మూడు రోజులు మేత ఆపి, ఆపై ఉడికించి తొక్క తీసిన బఠాణీ కొద్దిగా పెట్టండి; తరువాత నీటిలో మునిగే గుళికలనే నానబెట్టి వేయండి. పొట్ట ఉబ్బి, పొలుసులన్నీ బయటికి నిక్కితే పరిస్థితి వేరు: మూత్రపిండాలు దెబ్బతిని ఒంట్లో నీరు చేరిందన్నమాట. ఈ దశలో బతికే చేపలు తక్కువ, ఆ సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది.

6. మందు వాడేటప్పుడు

మందు వేసే ముందు ఫిల్టర్‌లోని యాక్టివేటెడ్ కార్బన్‌ను (నల్లని బొగ్గు పలుకులు) తీసేయండి, లేకపోతే అది మందును పీల్చేస్తుంది. ఒకసారి ఒకే మందు వాడండి. ఫార్మలిన్, పొటాషియం పర్మాంగనేట్ అనే రెండు మందులు కలిస్తే చేప బతకదు. దుకాణాల్లో విడిగా అమ్మే యాంటీబయాటిక్ బిళ్లల జోలికి వైద్యుడు చెప్పకుండా వెళ్లకండి. పైగా టెట్రాసైక్లిన్ రకం మందులు కాల్షియం ఎక్కువగా ఉన్న గట్టి నీటిలో బంధించబడి శక్తి కోల్పోతాయి, మన బోరు నీళ్లు చాలాచోట్ల అలాంటివే. సమీపంలో చేపలు చూసే వైద్యుడు లేకపోతే నెల్లూరు దగ్గర ముత్తుకూరులోనూ, తెలంగాణలో పెబ్బేరులోనూ ఉన్న మత్స్య శాస్త్ర కళాశాలల్లో విచారించవచ్చు.

7. చికిత్స ముగిశాక

ఉప్పునూ మందునూ రెండు మూడు నీటి మార్పులతో క్రమంగా తగ్గించండి. జబ్బు తొట్టికి వాడిన వల, బకెట్టు, గొట్టం పూర్తిగా ఎండలో ఆరేవరకు మరో తొట్టిలో పెట్టకండి. ఆపై కొనే ప్రతి కొత్త చేపనూ మూడు నాలుగు వారాలు విడిగా ఉంచి, అది వచ్చిన సంచిలోని నీటిని తొట్టిలో కలపకుండా పారబోయండి.